నక్క పాటల మండలి

మా సావుకారు ఆ పెట్టెను భజన పాటలనుకొని కొన్నాడు. ఆ మాట ఆయన తర్వాత ఎన్నడూ ఒప్పుకోలేదు. కానీ పెట్టె ఇంటికి వచ్చిన రోజు కొబ్బరికాయ తెప్పించి హారతి పళ్లెం సిద్ధం చేయించింది ఆయనే. ఆ పళ్లెం పట్టుకొని నిలబడ్డది నేను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. షోలాపూర్ దాజీ పేట్‌లో సావుకారి వాడా అనే పెద్ద లోగిలి వెనక భాగంలో రెండు గదులు మావి. ఒక గదిలో మగ్గం ఉండేది. రెండో గదిలో మా అత్త, మా ఆయన, నేను ఉండేవాళ్లం. నాకు పెళ్లయి రెండేళ్లు. మా ఆయన చీరలు నేసేవాడు. అత్తా నేనూ రాట్నాల ముందు కూర్చొని ఆయనకు దారం కండెలు చుట్టేవాళ్లం. వాడా ముందు భాగమంతా సావుకారిది. ఆయనకు కుంఠా నాకా దగ్గర మరమగ్గాల కార్ఖానా ఉండేది. దానితోపాటు, పేటలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా అది ముందు తన ఇంట్లో కనపడాలన్న పట్టుదల కూడా ఉండేది.

ఊరి బయట ఒక తెల్లదొర బంగళా ఖాళీ చేసి పోతూ సామానంతా వేలం వేయించాడు. మా సావుకారు అక్కడికి అద్దాల బీరువా కోసం వెళ్లాడు. బీరువా చేజారింది. ఆ ఉక్రోషంలో బాకా ఉన్న గ్రామఫోను ఒకటీ, దానితో పాటు రికార్డుల పెట్టే వేలంలో పాడుకున్నాడు. పెట్టె బండికెక్కుతుంటే దొరసాని కళ్లు తుడుచుకుందట. మనిషిని అంతగా ఏడిపించేవి భక్తి పాటలు కాక ఇంకేమవుతాయని ఆయన ఆలోచన.

వాకిట్లో చాప పరిచారు. వాడాలోని వాళ్లంతా స్నానాలు చేసి వచ్చి కూర్చున్నారు. సావుకారు యంత్రానికి బొట్టు పెట్టాడు. మా ఆయన తాళం తిప్పి ముల్లు ఆనించాడు. కాసేపు గరగరమని, ఒక్కసారిగా పది బాకాలు, నాలుగు డోళ్లు కలిసి గోడ కూలినట్టు మోగాయి. నా చేతిలోని పళ్లెం ఒరిగి హారతి ఆరిపోయింది. ముందు వరుసలోని ఒక ముసలాయన చెప్పులు వెతుక్కున్నాడు.

మా అత్త చేయి చెవి దగ్గర పెట్టుకొని అడిగింది: "గిదెవరి పెండ్లి? పిలగాడు ఎవరు?"

సావుకారి ముఖం ఎర్రబడింది. పాట అయిపోయాక లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"గిది విలాయతి సంగీతం. ఉత్తగ కూసుంటే తెల్వదు. దినాం వినాలె, సమజ్ చేసుకోవాలె. అందుకనే తెచ్చిన."

మండలి ఆ క్షణంలోనే పుట్టింది. ప్రతి వారం సెలవు రోజు మధ్యాహ్నం మగవాళ్లంతా సావుకారి వసారాలో కూర్చొని విలాయతి సంగీతం అర్థం చేసుకోవాలి. అధ్యక్షుడు సావుకారు. అర్థం చెప్పేది మాస్తర్. జరిగింది పుస్తకంలో రాసేది మా ఆయన, ఎందుకంటే ఆయన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.

మాస్తర్ గురించి చెప్పాలి. బడిలో పాఠాలు చెప్పేవాడు. ఇంగ్లీషు చదవగలిగేవాడు. పేటలో ఎవరికి మందు సీసా వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా ఆయన దగ్గరికే పరుగెత్తేవాళ్లు. తెలియదు అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఒకసారి దగ్గు మందు సీసా మీద చదివి, ఇది మోకాళ్లకు రాసుకునేదని చెప్పాడు. రాసుకున్నవాడికి మోకాళ్లు తగ్గాయి కూడా. దాంతో ఆయన పేరు ఇంకా పెరిగింది.

మాస్తర్ రికార్డులన్నీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. చాలావాటి మీద 'ఫాక్స్ ట్రాట్' అని అచ్చయి ఉంది.

"ఫాక్స్ అంటె నక్క," అన్నాడాయన. "ట్రాట్ అంటె దుడుదుడు నడుసుడు. గీ పాటలన్ని నక్క చరిత్ర."

అది జంటలుగా ఆడే ఒక నాట్యం పేరని, నక్కకూ దానికీ ఏ సంబంధమూ లేదని మాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి మాత్రం వసారాలోని పెద్దమనుషులంతా నక్క కోసం చెవులు రిక్కించి కూర్చునేవారు. బారుగా సాగదీసే బాకా ఒకటి ఉండేది. అది మోగగానే "వచ్చింది, వచ్చింది" అని ఒకరి మోకాలు ఒకరు తట్టుకునేవారు. మా ఆయన పుస్తకంలో రాసేవాడు: 'రికార్డు మొదటి పక్క. నక్క చెరుకు తోటలో జొరబడింది. కాపలావాళ్లు డప్పులు కొట్టారు. రెండో పక్క. నక్క పారిపోయింది. కారణం తెలియలేదు. వచ్చే వారం చర్చ.'

నాకు అప్పట్లో అక్షరాలు రావు. నా కూతురు బడికి పోయే రోజుల్లో దాని పలక మీదే నేర్చుకున్నాను. ఆ పుస్తకం కూడా తర్వాతే చదివాను. మధ్యాహ్నం మండలి సాగుతుంటే అత్తా నేనూ వసారా పక్క గదిలో, తలుపు వారగా, రాట్నాలు పెట్టుకొని కూర్చునేవాళ్లం. ఆడవాళ్లు మండలిలో కూర్చోకూడదు. కానీ ఆడవాళ్లు లేకుండా మండలి నడవదు. యుద్ధం వల్ల గ్రామఫోను ముళ్లు బజారులో దొరకడం మానేశాయి. తుమ్మ ముళ్లు కోసి ఎండబెట్టి అరగదీసి పెడితే అవీ పనిచేస్తాయని ఎవరో చెప్పారు. ఒక పక్కకు ఒక ముల్లు కావాలి. కోయడం, ఎండబెట్టడం, అరగదీయడం మా పని. అందుకే తలుపు వారగా మాకు చోటిచ్చారు.

నేను నక్కను వినలేదు. వినాలని ప్రయత్నించాను, రాలేదు. నాకు వినపడింది ఒక మనిషి.

ఒక రికార్డులో, అన్ని బాకాలూ ఒకేసారి అరిచి అలసిపోయి పక్కకు జరిగినప్పుడు, ఒక్కడు మొదలుపెడతాడు. లావు గొంతు, కాస్త బొంగురు. ఇప్పుడే నిద్ర లేచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. డోలు దెబ్బ పడే చోట అతను మొదలుపెట్టడు. దెబ్బ పడ్డాక, ఒక గుక్కంత ఆగి వస్తాడు. పొద్దంతా మగ్గం చప్పుడు మధ్య బతికేదాన్ని నేను. దారం మోసే నాడె ఇటు పోతే ఒక దెబ్బ, అటు పోతే ఒక దెబ్బ. ఆ దెబ్బ తప్పితే గుడ్డ చెడుతుంది. ఇతను తప్పుతూనే ఉంటాడు, కానీ గుడ్డ చెడదు. ఇదెట్లా అని నాకు నిద్ర పట్టేది కాదు. నా రాట్నం పది చుట్లు తిరిగే లోపల అతని మాట అయిపోయేది. చివరి స్వరాన్ని పూర్తిగా పలకకుండా, ఎవరో పిలిస్తే లేచి వెళ్లినట్టు వదిలేసేవాడు. మళ్లీ అందరూ అరవడం మొదలుపెట్టేవాళ్లు.

నెల తిరిగేసరికి అతను ఇంకో రెండు రికార్డుల్లో దొరికాడు. అదే ఆలస్యం, చివర్లో అదే వదిలేయడం.

రాత్రి భోజనాలప్పుడు మా ఆయనతో చెప్పాను. "ఏమయ్యా, మూడు రికార్డులల్ల ఊదేటోడు ఒక్కడే."

ఆయన నవ్వాడు. "మూడింటి మీద మూడు బ్యాండుల పేర్లు ఉన్నయి. మాస్తర్ చదివిండు. నీకు చదువొస్తదా?"

"చదువు రాదు. చెవులున్నయి."

"ఒక్కడు మూడు బ్యాండులల్ల ఎట్ల ఉంటడు?"

"నువ్వు పెండ్లికి ముందల మూడు కార్ఖానలల్ల పని చేసినవ్ గద. నీ చీర నేను గుర్తు పట్టనా?"

ఆయన రొట్టె నములుతూ ఆలోచనలో పడ్డాడు. తర్వాతి వారం తలుపు వారగా కూర్చున్న నాకు, వసారాలో మా ఆయన గొంతు వినపడింది. "నాకొకటి తట్టింది. చానా దినాల సంది గమనిస్తున్న. మూడు రికార్డులల్ల ఊదేటోడు ఒక్కడే." నిద్ర లేచిన గొంతు, ఆలస్యంగా రావడం, చివర వదిలేయడం, చీరను గుర్తుపట్టడం, అన్నీ వరుసగా చెప్పాడు. ఒక్కటీ మర్చిపోలేదు. నా మొగుడికి అంత జ్ఞాపకశక్తి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

వసారా అంతా భేష్ భేష్ అంది. మాస్తర్‌కు మాత్రం నచ్చలేదు. అచ్చులో లేనిది ఉందని ఎలా అంటారు? అట్లయితే పరీక్ష పెడదాం అన్నాడు. రికార్డు నడుమ అతికించిన పేర్ల కాగితాన్ని గుడ్డ ముక్కతో కప్పి పాట పెడతారు. ఆ మనిషి రాగానే మా ఆయన చేయి ఎత్తాలి.

ఆ రాత్రి మా ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా అంత మెత్తగా మాట్లాడలేదు.

"నువ్వు ఎట్లనూ రాట్నం తిప్పుతుంటవ్ గద. వాడు రాంగనే ఆపు. చప్పుడు ఆగితే నేను చెయ్యి లేపుత."

నేను ఒప్పుకున్నాను. కోపం లేక కాదు. ఆ మనిషి ఒక్కడేనని నలుగురూ ఒప్పుకుంటే చాలనిపించింది.

పరీక్ష రోజు వసారా నిండిపోయింది. మొదటి రికార్డులో అతను వచ్చాడు. నేను రాట్నం ఆపాను. మా ఆయన చేయి లేచింది. రెండోదానిలో అతను లేడు. రాట్నం తిరుగుతూనే ఉంది. మా ఆయన యోగిలా కళ్లు మూసుకొని కూర్చున్నాడు. మూడోదానిలో మళ్లీ వచ్చాడు, మళ్లీ చేయి లేచింది. సావుకారు చప్పట్లు కొట్టాడు. నాలుగోది మొదలైంది. అందులో డోళ్లు తప్ప ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే నా దారం తెగింది.

రాట్నం ఆగింది. మా ఆయన చేయి నిటారుగా లేచింది.

"ఇగో, ఆయనే!"

డోళ్లు దడదడ మోగుతున్నాయి. వసారా అంతా విరగబడి నవ్వింది. మాస్తర్ కండువా నోట్లో పెట్టుకున్నాడు. నేను తెగిన దారం ముడి వేస్తూ, తలుపు సందులోంచి మా ఆయన చెవులు ఎర్రబడడం చూశాను. అయినా ఆయన తగ్గలేదు.

"అంత గొప్పోడికి డోలు కొట్టొస్తదా రాదా? ఊదుడు ఆపి డోలు అందుకున్నడు!"

విచిత్రమేమిటంటే సగం మంది అది నమ్మారు. మండలి రెండుగా చీలింది. ఒకటి ఒక్కడే పార్టీ. ఇంకోటి ముగ్గురు పార్టీ. రెండు పార్టీల వాళ్లూ వీధి కుళాయి దగ్గర ఎదురుపడితే పలకరించుకోవడం మానేశారు. ఇద్దరు తోడల్లుళ్లు చెరో పార్టీలో పడి, అక్కచెల్లెళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఆ ఊదిన మనిషికి మాత్రం దాజీ పేట్ అనే పేట ఒకటి ఉందని కూడా తెలియదు.

తగవు తీర్చిన మనిషి పిలవకుండానే వచ్చాడు. నిజానికి పిలిచారు, కానీ దీనికి కాదు. కార్ఖానాలో పూజకు బ్యాండు కావాలని సావుకారు కబురు చేశాడు. వచ్చినవాడు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. మాకు రెండు వీధుల అవతల ఉండేవాడు. పగలు మిల్లులో పని, పెళ్లిళ్ల కాలంలో బ్యాండు. ముప్పై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, ముందు పన్ను కొంచెం అరిగి ఉండేది. పేటలో ప్రతి పెళ్లికొడుకునూ అతనే ఊది ఊరేగించాడు. కానీ ఏ పెళ్లిలోనూ అతను ఎవరి పక్కనా కూర్చొని తినగా నేను చూడలేదు. బ్యాండువాళ్ల పంక్తి ఆఖరున, ప్రహరీ పక్కన పడేది.

ఆ రోజు కూడా అతన్ని కూర్చోమనలేదు. వాకిట్లో నిలబడ్డాడు. వసారాలో రికార్డు తిరుగుతోంది, రెండు పార్టీలూ వాదించుకుంటున్నాయి. రికార్డులోని నా మనిషి వచ్చాడు, పది చుట్ల మాట చెప్పి వెళ్లిపోయాడు. క్లారినెట్ ఆయన గడప దాకా వచ్చాడు.

"మల్లొకసారి పెట్టుండ్రి," అన్నాడు.

మాస్తర్ కళ్లద్దాల మీదుగా చూశాడు. "నీకేం తెలుస్తది?"

"దెబ్బ పడ్డంక వస్తున్నడు," అన్నాడతను. "కావాలని. గట్ల ఆగుడు అలకటి పని కాదు. నోట్ల గాలి పట్టుకొని నిలవడాలె."

ఒక్కడే పార్టీ అతన్ని చుట్టుముట్టింది. మూడు రికార్డులూ వేశారు. అతను మూడోది సగం వినకముందే తల ఊపాడు. "ఒక్కడే. ఇండ్ల అనుమానం ఏముంది?" అని, సంచిలోంచి క్లారినెట్ తీసి, నిలబడ్డ చోటే ఆ ముక్క మొత్తం ఊదాడు. ఆలస్యంగా మొదలుపెట్టాడు, బొంగురుగా నడిపించాడు, చివరి స్వరం పూర్తిగా పలకకుండా వదిలేశాడు.

నా చేతిలోంచి కండె జారి దొర్లిపోయింది. మా అత్త దాన్ని తీసుకోలేదు. ఆమె కూడా అతన్నే చూస్తోంది.

వసారాలో మాస్తర్ గొంతు సవరించుకున్నాడు. "మంచిగనే ఊదిండు. కాని అసలు దానిల గరగర ఉంటది. గీనె దాంట్ల లేదు."

ఆ గరగర మా తుమ్మ ముల్లుది. అవును, లేదు, అని అందరూ తలలాడించారు. అతనికి పూజ రోజు ఎన్నింటికి రావాలో చెప్పి పంపించేశారు. అయితే సావుకారికి మాత్రం ఒక మాట బాగా పట్టింది. పేరు కూడా అచ్చుకాని ఒక మహా కళాకారుడు తన పెట్టెలో దాగి ఉన్నాడు! దొరకే తెలియలేదు, తనకు తెలిసింది. ముగ్గురు పార్టీ ఆ సాయంత్రమే మూతబడింది. మా ఆయన పుస్తకంలో రాశాడు: 'ఈ సంగతి మన అధ్యక్షులవారు కనిపెట్టారు.' నా దగ్గర మొదలైన మాట ఆయన దగ్గరికి పోయి, అక్కడి నుంచి సావుకారి ఇంట్లో స్థిరపడింది.

నాలుగు రోజుల తర్వాత సందులో క్లారినెట్ ఆయన కనపడితే అత్త ఆపింది. నేను ఆమె వెనక నిలబడే అడిగాను: "అన్నా, అది క్లారినెట్టేనా?"

"కాదు చెల్లే. దానికి అన్న. సాక్సాఫోన్ అంటరు. గిట్ల వంకర తిరిగి ఉంటది, ఇత్తడిది. స్టేషన్‌ల పటాలం రైలు ఆగినప్పుడు ఒక సోల్జరు చేతిల చూసిన. ముట్టుకుంటనంటె ముట్టనిచ్చిండు." ఆగి, నా వైపు చూశాడు. "నీకు ఎట్ల తెలిసింది, ఒక్కడేనని? మీ ఆయన చెప్పిండా?"

మా అత్త అందుకుంది. "దీని మొగడికా? వాడికి డోలుకూ బాకాకూ తేడా తెల్వది."

అతను నవ్వాడు. నాకు ఆ రోజంతా కడుపు నిండినట్టుంది.

సావుకారు సత్కారం పెట్టాలన్నాడు. కళాకారుడు ఎక్కడున్నాడో తెలియదు, ఉన్నాడో లేడో తెలియదు. అయినా శాలువా కప్పాలి. శాలువా నేసే పని మా ఆయనకే పడింది. అంచులో పేరు నేయాలి. పేరు ఏమిటి? మూడు సమావేశాలు దీని మీద జరిగాయి. చివరికి మాస్తర్ తీర్పు చెప్పాడు: పేరు తెలిసేదాకా ఖాళీ వదలాలి. అందుకని అంచులో 'శ్రీ' అని నేసి, ఏడు చుక్కలు నేసి, తర్వాత 'గారికి' అని నేశారు. అక్షరాల కన్నా చుక్కలే కష్టమని మా ఆయన మగ్గం గుంటలో కూర్చొని తిట్టుకోవడం నాకింకా గుర్తు. వాటికి ఎర్ర దారం కండెలు చుట్టింది అత్త.

సత్కారం రోజు వాకిట్లో పందిరి వేశారు. పేటలోని పెద్దలంతా వచ్చారు. ప్రహరీ గోడకు ఆనించి ఒక పెద్ద కుర్చీ వేసి, దాని మీద గ్రామఫోను పెట్టారు. బంతిపూల దండ బాకాకు వేశారు. గోడ అవతల, వీధిలో, బ్యాండువాళ్లను నిలబెట్టారు. అతిథులు వచ్చేదాకా వాయించాలి, ఉపన్యాసం మొదలుకాగానే ఆపాలి. అత్తా నేనూ పక్క తలుపు దగ్గర నిలబడ్డాం. అక్కడి నుంచి వాకిలీ కనపడేది, వీధీ కనపడేది.

మాస్తర్ గంటసేపు మాట్లాడాడు. గుణం ఉన్నవాణ్ని లోకం వెనక వరుసలో కూర్చోబెడుతుందన్నాడు. పక్కనే ఉన్న రత్నాన్ని గుర్తించలేని సమాజం సమాజమే కాదన్నాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. వీధిలో బ్యాండువాళ్లు ఎండకు గోడ నీడలోకి జరుగుతూ, టోపీలతో విసురుకుంటూ అదంతా విన్నారు. వాళ్లకు మంచినీళ్లు ఇవ్వమని ఎవరికీ తోచలేదు. అత్త నన్ను కడవ ఇచ్చి పంపింది.

తర్వాత సావుకారు లేచి శాలువా తీసి గ్రామఫోనుకు కప్పాడు. చప్పట్లు మోగాయి. మా ఆయన రికార్డు వేశాడు. దండా శాలువా కలిసి బాకా నోరు మూసేయడంతో సంగీతం దుప్పటి కప్పుకొని మూలుగుతున్నట్టు వచ్చింది. మా ఆయన కంగారులో పాత ముల్లే ఉంచేశాడు. సరిగ్గా ఆ మనిషి రావలసిన చోటికి ముందు ముల్లు ఇరుక్కొని, అవే నాలుగు స్వరాలు మళ్లీ మళ్లీ తిరిగాయి. మా ఆయన ముల్లు ఎత్తేశాడు. యంత్రం మూగబోయింది.

అప్పుడు గోడ అవతల క్లారినెట్ ఆయన టోపీ పెట్టుకొని, వాద్యం నోటికి ఎత్తాడు. వెంటనే మొదలుపెట్టలేదు. నేను చూస్తున్నాను. ఒక గుక్క ఆగాడు. తర్వాత ఊదాడు.

ఆ శబ్దం గోడ మీదుగా, కుర్చీ వెనక నుంచి, తేటగా వాకిట్లోకి వచ్చింది. మా ఆయన ముల్లు ఎత్తిన చేయి గాలిలో అలాగే ఉండిపోయింది. మిగిలిన వాళ్లంతా అప్పటికే కళ్లు మూసుకున్నారు. అలా వినాలని మాస్తర్ నేర్పించాడు. ఈసారి అతను పది చుట్ల దగ్గర ఆగలేదు. అదే ముక్క మళ్లీ ఎత్తుకొని, తనది ఇంకొంచెం కలిపి, కిందికి దింపి, చివరిది సగం పలికి వదిలేశాడు.

పందిరి అదిరిపోయేలా చప్పట్లు కొట్టారు. అందరూ గ్రామఫోను వైపు తిరిగి కొట్టారు. సావుకారు ఆనందం పట్టలేక లేచాడు.

"చూసిండ్రా! శాలువా కప్పంగనే ఎంత మంచిగ మోగిందో!"

మాస్తర్ గంభీరంగా తల ఊపాడు. "ఇయ్యాల గరగర కూడా లేదు."

నాకు నవ్వొచ్చింది. అత్త వైపు తిరిగాను. ఆమె నవ్వడం లేదు. పళ్లు బిగించి చూస్తోంది. భోజనాలకు జనం లేవగానే ఆమె నేరుగా వెళ్లి, శాలువాను మడత పెట్టడానికన్నట్టు తీసి, చంకలో పెట్టుకొని పక్క తలుపులోంచి వీధిలోకి నడిచింది. నేను వెంట పరుగెత్తాను. క్లారినెట్ ఆయన వాద్యాన్ని విప్పి గుడ్డతో తుడుస్తున్నాడు. అత్త శాలువాను అతని భుజాల మీద కప్పింది.

అతను బెదిరిపోయాడు. "పెద్దమ్మా, గిదేంది? సావుకారు సూస్తె?"

"సావుకారు నేసిండా? నా కొడుకు నేసిండు, నేను కండెలు చుట్టిన. ఉంచుకో."

అతను అంచు పట్టుకొని చూశాడు. "శ్రీ... గీ చుక్కలేంది?"

"నీ పేరే," అంది అత్త. "మాకు రాసుడు రాలేదు."

మర్నాడు శాలువా కనపడక వాడాలో గగ్గోలు పుట్టింది. దొంగలన్నారు, పిల్లలన్నారు, కోతులన్నారు. మా ఆయన ఇంటికి వచ్చి తల పట్టుకున్నాడు. అత్త జొన్నపిండి కలుపుతూ జరిగింది చెప్పింది. ముల్లు ఎత్తిన తర్వాత వినపడింది ఏమిటో ఆయనకూ తెలుసు. వాకిట్లో తెలిసిన మగవాడు ఆయన ఒక్కడే. తర్వాత పుస్తకం తెరిచి ఒక వాక్యం రాసి, తీసుకెళ్లి సావుకారికి చదివి వినిపించాడు: 'శాలువా కళాకారునికి అందింది.'

విలాయతికి పార్సెలు వేశాడని సావుకారు అర్థం చేసుకున్నాడు. చాలా సంతోషించాడు. ఆ పుస్తకం మొత్తంలో మా ఆయన రాసిన నిజం అదొక్కటే అనుకుంటాను. నాకు ఆయన మీద ఉన్న కోపం కూడా ఆ రోజుతో పోయింది.

మండలి ఆ తర్వాత ఎక్కువ రోజులు నడవలేదు. సావుకారు రేడియో కొన్నాడు. మాస్తర్ యుద్ధం వార్తలకు అర్థం చెప్పడం మొదలుపెట్టాడు. ఏ సేన ఎటు పోతుందో, ఎందుకు పోతుందో, సేనాపతుల కన్నా ముందే ఆయనకు తెలిసేది. రికార్డులు ఎండాకాలం మేడ మీద మరిచిపోతే అప్పడాల్లా వంగిపోయాయి.

క్లారినెట్ ఆయన కార్ఖానా పూజకు వచ్చి వాయించి, ఆ ఏడాదే పుణెకు వెళ్లిపోయాడు. సోల్జర్లు వచ్చే హోటల్లో బ్యాండుకు మనుషులు కావలసి వచ్చారట. ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. తెల్ల కోటు వేసుకున్నాడు. చేతిలో పెద్ద వంకర పెట్టె ఉంది. తెరిచి చూపించాడు. ఇత్తడి సాక్సాఫోన్, అతనిది కాదు, హోటలుది. మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి దాన్ని చూసి, ముట్టుకోవచ్చా అని అడిగాడు.

"వెనక వరసల కూసుంట," అని చెప్పాడతను. "ముందల నిలవడి కర్ర తిప్పెటాయన పేరే బోర్డు మీద ఉంటది. దినాం ఒక్కసారి నాకు వంతు వస్తది. గంతె, చిన్నది."

"ఎవరన్న వింటరా అన్నా?" అడిగాను.

"తింటుంటరు. ఒక్కొక్కపారి ఒక్కడు తల ఎత్తుతడు."

రికార్డులోని నా మనిషి పేరు అడిగి తెలుసుకున్నాడేమోనని ఆశపడ్డాను. అడిగాడట. ఆ బ్యాండుల పెద్దల పేర్లు అందరికీ వచ్చు. లోపల ఊదినవాడి పేరు హోటల్లో ఎవరికీ తెలియదు. ఒకాయన మాత్రం, చచ్చిపోయాడని విన్నానన్నాడట. ఇంకొకాయన, కాదు, పాలు అమ్ముకుంటున్నాడన్నాడట.

మాకోసం అతను ఆ ముక్క వాయించాడు. ఈసారి దాని అసలు గొంతుతో. చిన్న గది, మగ్గం తాళ్లు కూడా అదిరాయి. మా ఆయన గోడకు ఆనుకొని, కళ్లు తెరుచుకొనే విన్నాడు. తర్వాత చాలాసేపటికి, "మన ఇంటిదానికి ముందల తెలిసింది," అన్నాడు. అతనితో అన్నాడు, నన్ను చూడకుండా. నేను పొయ్యి వైపు తిరిగి టీ నీళ్లు పెట్టాను.

అతనికి సాయంత్రం పుణె రైలు ఉంది. అత్త నాలుగు జొన్న రొట్టెలు, పల్లీల కారం గుడ్డలో కట్టింది. మోకాళ్ల నొప్పులున్నా, మూట తానే పట్టుకొని వీధి చివరి దాకా అతనితో నడిచి వెళ్లింది.